పుత్తూరు కట్టుకు వచ్చిన మత్తయి గారు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మా గ్రేసు 1967 నవంబరులో చనిపోయింది, అప్పటికి దానికి ఆరేళ్ళు నిండి రెండు నెలలు, నేను పుత్తూరులో మిషను బడిలో రెండో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని, నా భర్త దానియేలు రైలు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. జ్వరంతో బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే ఇక్కడి డాక్టరు చేతులెత్తేసి రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు, తెల్లవారి మొదటి బస్సు అందితే చిత్తూరులో ఇంకో బస్సు మారి మధ్యాహ్నానికి చేరిపోతామని లెక్క వేసుకొన్నాం. బిడ్డను దుప్పటిలో చుట్టుకొని గడప దాటబోతుండగా సంఘపెద్దలు వచ్చారు, ప్రార్థన చేసి పంపిస్తామన్నారు, మేము మోకరించాం. ఆ ప్రార్థన ఆదాము దగ్గర మొదలయింది. అబ్రాహామును, మోషేను, ప్రవక్తలందరినీ దాటుకొని మా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది. తరువాతి బస్సులో బయలుదేరాం, చిత్తూరు ఇంకా రాకముందే గ్రేసు నా ఒడిలో కన్నుమూసింది.

మొదటి బస్సు దొరికినా బతికి ఉండేది కాదేమోనని డాక్టరు తరువాత అన్నాడు. ఆ మాట నేను నా భర్తకు చెప్పాను.

"ఏమో అనే గదా అనినాడు, కాదు అనలేదు గదా," అన్నాడు ఆయన.

అంతే, ఆ దినం నుంచి ఆయన మందిరం గడప తొక్కలేదు, బిడ్డ పేరు నోట పలకలేదు, సాయంత్రమైతే సారాయి అంగడి దగ్గర తప్ప ఇంకెక్కడా కనబడేవాడు కాదు. నన్ను ఆపలేదు, కొట్టలేదు, తిట్టలేదు. ఆదివారం గంట కొట్టగానే గుర్రానికి గడ్డి వేస్తూ "పోమ్మే, పొయ్యి పొడుగ్గా సేసుకోని రా," అనేవాడు. ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే బాగుండేది అనిపించేది నాకు.

పదకొండేళ్ళు ప్రార్థించాను సహోదరులారా. తెల్లవారుజామున ఆయన మంచం కాళ్ళ దగ్గరే మోకరించేదాన్ని. "తండ్రీ, నా భర్తను నీ మందిరంలోకి నడిపించు, నేను కన్నుమూసేలోగా నడిపించు, ఎట్లా నడిపిస్తావో నేను అడగను," ఇదే నా ప్రార్థన, మాట మార్చలేదు. బుధవారాలు ఉపవాసం ఉన్నాను. ఉజ్జీవ కూటాలకు మద్రాసు నుంచి వచ్చిన ప్రసంగీకులను ఇంటికి పిలిచి అన్నం పెట్టి ఆయనతో మాట్లాడించాను. ఆయన వాళ్ళు చెప్పిందంతా తల వంచుకొని వినేవాడు, వాళ్ళను జట్కాలో స్టేషనుకు చేర్చేవాడు, బాడుగ తీసుకొనేవాడు కాదు, అటునుంచి అటే సారాయి అంగడికి పోయేవాడు.

ఇట్లా ఉండగా 1979 ఫిబ్రవరిలో మత్తయి గారు పుత్తూరు కట్టుకు వచ్చారు.

ఆయన సినిమా పేరు నేను రాయను. ఈ పత్రిక చదివే వారందరికీ ఆ పేరు తెలుసు, ఆయన పోయినప్పుడు పేపర్లన్నీ ఆ పేరే వేశాయి. కానీ మా దగ్గర ఆయన తన బాప్తిస్మం పేరే చెప్పుకొన్నారు. తండ్రి పులికాట్ చెరువు ఒడ్డున పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారట. సినిమాల్లో ఈయన వేసేవన్నీ దుర్మార్గుల వేషాలే. షూటింగులో గుర్రం మీదినుంచి పడి తొడ ఎముక విరిగితే, మద్రాసులో పెద్ద డాక్టర్లను కాదని మా ఊరి ఆకుపసరు కట్టు మీద నమ్మకంతో వచ్చి, కట్టు కట్టేవాళ్ళ ఊరి పక్కన ఒక గది బాడుగకు తీసుకొన్నారు. తొడ నుంచి మడమ దాకా వెదురు బద్దలు వేసి బిగించిన కట్టు, కాలు కింద పెట్టకూడదు, వేలాడదీయకూడదు. స్టేషనులో దిగిన ఆయనను రైలు పెట్టెలోంచి ఎత్తి జట్కాలో పడుకోబెట్టింది నా భర్తే, ఆ దినం నుంచి కట్టు మార్చడానికి పోయినా, ఎక్కడికి పోయినా ఆయనకు ఈయన బండే, ఈయన భుజమే.

మొదటి ఆదివారం ఆయన మా మందిరానికి రావాలన్నారు. నా భర్త మెట్ల దాకా మోసుకొచ్చి, అక్కడినుంచి లోపలికి ఇంకెవరైనా మోయండని వదిలేసి, గుర్రం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ కథ తరువాత. మా సంఘంలో సినిమా చూడడం పాపమని బోధ, నేను ఈనాటి వరకు ఒక్క సినిమా చూడలేదు. అయినా ఆయన గుమ్మంలో కనబడగానే పెద్దలందరూ గుర్తుపట్టారు. ఎట్లా గుర్తుపట్టారో నేను అడగలేదు. సంఘపెద్ద సామ్యూలు గారు తన కుర్చీ ఇచ్చారు, ఆయన భార్య రత్నమ్మ కాలు కింద పెట్టడానికి ఇంటినుంచి దిండు తెప్పించింది. ఆ వారమంతా ఆయన గదికి ఒకరు కోడికూర, ఒకరు రాగిసంకటి, ఒకరు మునక్కాయ సాంబారు మోశారు. నాకు 1974లో టైఫాయిడ్ వచ్చి నెల దినాలు మంచంలో ఉంటే రత్నమ్మ ఒక్కసారి వచ్చింది, చారు తెస్తానని చెప్పి వెళ్ళింది. ఆ చారు ఇంకా రాలేదు.

ఆయన మంచివారు కాకపోయి ఉంటే నాకు సులువుగా ఉండేది. బజారులో ఆయన జట్కా ఆపి తిట్టే ముసలమ్మలు ఉండేవారు, ఏదో సినిమాలో ఒక ఆడబిడ్డను ఏడిపించినందుకు. వడమాలపేట నుంచి కూరగాయలు తెచ్చే అవ్వ ఒకతె నా కళ్ళముందే బండి చక్రం పట్టుకొని ఆపింది.

"ఆ పిల్ల ఉసురే నీకు తగిలింది. కాలొకటే ఇరిగిందా?"

"ఒకటే అవ్వా," అన్నారు ఆయన.

"సాల్లే, బుద్ధొచ్చింటే సాలు. ఇంద, ఈ వంకాయలు తీస్కపో, లేతగుండాయి."

ఆయన రెండు చేతులూ చాపి తీసుకొన్నారు. తాను అట్లాంటివాణ్ణి కాదని, అది వేషమని ఒక్క మాట అనలేదు. నా భర్త గుర్రాన్ని అదిలిస్తూ ఊరంతా వినబడేటట్టు నవ్వాడు. ఆయన నవ్వు నేను విని చాలా ఏండ్లయింది, అది నాకు కాకుండా ఈ వచ్చినాయనకు వినిపించిందని మనసులో ముల్లు గుచ్చుకొంది.

ఆదివారపు బడి పిల్లలకు నేను కంఠత వాక్యం చెప్పేదాన్ని. మత్తయి గారు ముందుగా వచ్చి పిల్లల మధ్య కుర్చీ వేయించుకొని కూర్చొని, తనకూ వాక్యం నేర్పమన్నారు. అప్పజెప్పడంలో ఒక మాట తప్పారు, నేను దిద్దాను, నేను ఎవరినీ వదిలిపెట్టను. మరుసటి వారం ఆయన సినిమా గొంతుతో, కళ్ళు పెద్దవి చేసి, తప్పు లేకుండా అప్పజెప్పారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. నా దగ్గర ఆవలించే పిల్లలు. ఆ వారం నుంచి వాళ్ళందరూ వాక్యాలు ఆ గొంతుతోనే అప్పజెప్పసాగారు. నేర్చుకొన్నారా అంటే నేర్చుకొన్నారు, నేను కాదనను.

ఇక ఆ శుక్రవారం సంగతి. నెలకొక శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో గృహ ప్రార్థన. మా సంఘంలో గొలుసు ప్రార్థన ఆచారం ఉంది, అందరూ వలయంగా కూర్చొని కళ్ళు మూసుకొంటారు, ఒకరి ప్రార్థన అయ్యాక పక్కవారి చేతిని తాకుతారు, ఎవరి చెయ్యి తాకితే వారు మొదలుపెట్టాలి, తప్పించుకోవడం లేదు. మగవారి వరుస అయ్యాక ఆడవారి వరుస, ఇల్లు నాది గనుక ఆడవారిలో మొదట నేను. మత్తయి గారు రావాలని కోరారు. నా భర్త ఆ శుక్రవారాల్లో ఇంటి దరిదాపుల్లో ఉండడు, కానీ ఆయనను మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే, స్టూలు మీద పెట్టిన కాలు జారుతోంది.

"కొంచెంసేపు పట్టుకొంటావా దానియేలూ?" అన్నారు మత్తయి గారు.

నా భర్త వాకిలి వైపు చూశాడు, కాలు వైపు చూశాడు, కింద కూర్చొని ఆ కాలు తన ఒడిలో పెట్టుకొన్నాడు. ఆ విధంగా ఆయన మగవారి వరుసలో చివర, నా పక్కన చేరాడు. ఆయన ప్రార్థనకు కూర్చోలేదు, కాలికి కూర్చొన్నాడు, అది మా అందరికీ తెలుసు.

మత్తయి గారికి మాత్రం తెలియదు.

ప్రార్థన ఒక్కొక్కరి దగ్గరినుంచీ నడిచి మత్తయి గారి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అంత పెద్ద నటుడు, పేజీలకు పేజీలు చెప్పే మనిషి, "తండ్రీ" అన్నారు, ఇంకేమీ రాలేదు. మేము కళ్ళు మూసుకొని కాచుకొన్నాం. బయట గుర్రం గిట్టలతో నేల కొట్టుకొంటోంది. చివరికి ఆయన చెయ్యి చాపి పక్కనున్న చేతిని తాకారు. ఆ చెయ్యి నా భర్తది.

సామ్యూలు గారు సర్దుబాటు చేయడానికి గొంతు సవరించుకొన్నారు. అంతలో నా భర్త మాట్లాడాడు.

"సామీ, ఈ అయ్యకు మాట రాలేదు. నాకూ రాదు. ఈయన కాలు అతికించు. నా గుర్రానికి కుడికాలి గిట్ట సీలింది, అది గూడా సూడు. మా గ్రేసు నీ కాడనే ఉంటే బాగా సూసుకో. అంతే."

అని, తనకు చేసినట్టే, నా చెయ్యి తాకాడు.

సహోదరీలారా, పదకొండేళ్ళు అడిగిన దానికి ఆ క్షణంలో జవాబు వచ్చింది, నేను ఎగిరి గంతేసి ఉండాలి. నా నోరు పెగలలేదు. సంతోషంతో కాదు, అబద్ధం రాయను. ఆయన పక్కన పదకొండేళ్ళు మోకరించింది నేను, బిడ్డను కన్నది నేను, ఆ పేరు ఆయన నోట మళ్ళీ వచ్చింది మాత్రం ఒక సినిమా ఆయన పరువు కాపాడడానికి. నేను ఒక్క మాట లేకుండా రత్నమ్మ చేతిని తాకాను. ఆమె నా బదులు కూడా తానే చేసింది, బాగా పొడుగ్గా.

మరుసటి ఆదివారం సామ్యూలు గారు వేదిక మీద నిలబడి, మన మత్తయి గారి ద్వారా దేవుడు దానియేలు హృదయాన్ని ముట్టాడని ప్రకటించారు. అందరూ స్తోత్రం అన్నారు. బావి దగ్గర రత్నమ్మ "నీ అదృష్టం సుశీలమ్మా, అంత పెద్దాయన వచ్చి నీ మొగుణ్ణి మార్చినాడు," అంది. నేను బిందె ఎత్తుకొని వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఆయన గదికి వెళ్ళాను. నిలబడే అడిగాను.

"మా ఆయనతో మీరు ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదమ్మా. ఆయన గుర్రాల గురించి చెప్తుంటాడు, నేను వింటుంటాను. గుర్రం మీద ఎట్లా కూర్చోవాలో నాకు తెలియదని రోజూ తిడతాడు."

"మరి చెయ్యి ఎందుకు తాకారు?"

"సంఘస్థుడనుకొన్నాను. గుర్రాన్ని కాచుకోవడానికే మందిరం బయట ఉంటాడనుకొన్నాను. తప్పయిపోయింది."

అపొస్తలుడో ప్రవక్తో అయి ఉంటే నేను తట్టుకొని ఉండేదాన్ని. ఎట్లా నడిపిస్తావో అడగనని మాటిచ్చింది నేనే, అయినా నా ఉపవాసాలన్నీ పక్కన పెట్టి దేవుడు ఒక మనిషి పొరపాటును వాడుకొన్నాడంటే మింగుడుపడలేదు. ఆయన మళ్ళీ అన్నారు:

"మీరు ప్రార్థన చేస్తుంటే మందిరంలో విన్నాను. అట్లా ఒక్కసారి చెయ్యాలని నాకు ఆశ. ఎవరో రాసిచ్చిన మాటలే నాకు వచ్చమ్మా. నేర్పుతారా?"

"రాసిస్తాను," అన్నాను.

"రాసిస్తే బ్రహ్మాండంగా చదివేస్తాను. అదే గదా నా జబ్బు."

నాకు కడుపు మండింది. "అయితే మా ఆయన్నే అడగండి, మీకు తగిన గురువు ఆయనే," అని వచ్చేశాను. ఎత్తిపొడుపుగా అన్నాను. ఆయన దాన్ని సలహా అనుకొన్నారు.

మరునాడు నా భర్త జట్కా విప్పి, గుర్రానికి నీళ్ళు పెట్టి, వంటింటి గడపలో వచ్చి నిలబడ్డాడు. అంగడికి పోయే వేళ అది.

"మే, ఆ అయ్య నన్ను ప్రార్థన నేర్పమంటాడు. నాకేం తెలుసునని? యాడ మొదులుపెట్టాల?"

పొయ్యి ముందు కూర్చొన్నదాన్ని తల ఎత్తలేదు.

"యాడన్నా మొదులుపెట్టు. ఆదాము కాడ మాత్రం వద్దు," అన్నాను.

ఆయన నవ్వాడు, నవ్వుతూ గడపలోనే కూలబడ్డాడు, ఆ నవ్వు మధ్యలో ఏడుపుగా మారింది. నేను లేచి వెళ్ళి పక్కన కూర్చొన్నాను. మేమిద్దరం మా బిడ్డ కోసం కలిసి ఏడ్చింది అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఆయన అంగడికి వెళ్ళలేదు. ఆ తరువాత రోజూ బండిలో ఆ ఇద్దరూ ఏం ప్రార్థించుకొన్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు, కానీ కట్టు మార్చుకొని వచ్చే దారిలో బండి చింతతోపు దగ్గర కాసేపు ఆగుతుందని చూసినవాళ్ళు చెప్పారు. ఆదివారాల్లో నా భర్త ఆయనను మెట్లు దాటించి లోపలికి మోసుకొచ్చి, కాలు పట్టుకొని పక్కనే కూర్చొనేవాడు.

నా భయం నాది. ఈయన మందిరానికి వస్తున్నాడా, ఆ కాలు వస్తోందా? కట్టు విప్పి కాలు నేల మీద ఆనిన దినం మోయడానికి ఏం మిగులుతుంది?

ఏప్రిల్ నెలలో ఒక శనివారం మత్తయి గారు కర్ర పట్టుకొని తన కాళ్ళ మీదే నడిచి మద్రాసు బండి ఎక్కారు. సంఘమంతా స్టేషనుకు వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఆ సాయంత్రం నా భర్త తాగి వచ్చాడు, అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకొన్నాడు. చూశావా తండ్రీ, నీవు పంపిన మనిషి పోయాడు, నా మనిషి నాకు ఎట్లా ఉన్నవాడు అట్లాగే మిగిలాడు అని ఆయన మంచం కాళ్ళ దగ్గర కూర్చొని దేవునితో పోట్లాడాను. అందులో ఒక పక్క, చెప్పడానికి నోరు రావడం లేదు, ఆ నటుడి వల్ల కూడా కాలేదులే అన్న తృప్తి ఉంది.

తెల్లవారి గంట కొట్టారు. నేను ఆయనను లేపలేదు. ఒక్కదాన్నే వెళ్ళి నా చోట కూర్చొన్నాను. ఆ దినం ప్రార్థన సామ్యూలు గారిది. ప్రార్థన మధ్యలో బయట బండి ఆగిన చప్పుడయింది, ఎవరో మెట్లెక్కారు. నేను కళ్ళు తెరిచాను. నా భర్త, నిన్నటి చొక్కాతోనే, జుట్టు నీళ్ళతో అద్దుకొని, మగవారి వైపు తలుపు పక్కన చాప చివర కూర్చొన్నాడు. వాసన మా వరుసలకు కూడా వచ్చింది. సామ్యూలు గారికీ వచ్చినట్టుంది, అప్పటిదాకా వానల కోసం చేస్తున్న ప్రార్థన తాగుబోతుల మీదికి మళ్ళింది, నోవహు దగ్గరినుంచి ఎత్తుకొని ఒక్కొక్కరినీ పేరుపేరునా తెచ్చారు. ఎంత పొడుగు ప్రార్థనో చెప్పలేను. నేను కళ్ళు మూసుకోలేదు. ప్రతి మాటకూ ఆయన లేచిపోతాడని చూస్తున్నాను, లేచి పోతే నేనూ ఆయన వెంట లేవాలని చెప్పులు ఎక్కడ విడిచానో కూడా గుర్తుచేసుకొన్నాను.

ఆయన లేవలేదు. రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, మోయడానికి ఏ కాలూ లేకుండా, ఆ ప్రార్థన చివరిదాకా కూర్చొన్నాడు. అందరూ ఆమేన్ అన్నాక, ఒక్కడే, కొంచెం ఆలస్యంగా, ఆమేన్ అన్నాడు.

ఆ తరువాత ఆయన రెండుసార్లు మళ్ళీ తాగుడులో పడ్డాడు, ఒకసారి ఆ ఏడు దసరాలో, ఒకసారి మా పాత గుర్రం చచ్చినప్పుడు. రాయకుండా దాచితే సాక్ష్యం కాదు. 1980 ఈస్టరుకు మందిరంలో రొట్టె, ద్రాక్షారసం సంస్కారం తీసుకొన్నాడు, ఆ తరువాత సారాయి ముట్టలేదు. మత్తయి గారు ఇంకొకసారి వచ్చారు, పిల్లల మధ్యే కూర్చొని వాక్యం అప్పజెప్పారు, ప్రార్థన వేళ సొంతంగా నాలుగు మాటలు చేశారు, అవి నా భర్త మాటల్లాగే ఉన్నాయి, "అంతే" అని ముగించారు. ఆయన మరణవార్త పేపరులో చదివి నా భర్త ఆ పూట బండి కట్టలేదు.

మత్తయి గారి గురించి రాయమని పత్రిక వారు అడిగారు, నా అసూయను దేవుడు ఎట్లా తీసేశాడో కూడా రాస్తే బాగుంటుందన్నారు. తీసేయలేదు సహోదరులారా. ఇప్పటికీ ఎవరైనా "ఆ నటుడు మార్చిన దానియేలు" అంటే నా చెవులు వేడెక్కుతాయి. అయితే ఒకటి నేర్చుకొన్నాను, మీ ఇంట్లో కూడా మందిరం గడప తొక్కని మనిషి ఉంటే, మీరూ ఏళ్ళ తరబడి అడిగి అలసిపోయి ఉంటే, వినండి. అడగడం మానకండి. జవాబును ప్రభువు మీకు నచ్చని మనిషి చేతికిచ్చి పంపినా, ఆ మనిషికే అందరూ దండం పెట్టినా, చెయ్యి చాపి తీసుకోండి. నేను మొహం చిట్లించుకొనే తీసుకొన్నాను, అయినా ప్రభువు ఇచ్చింది వెనక్కి లాక్కోలేదు. ఆ తండ్రికే, ఆయన ఒక్కడికే, మహిమ.